కౌన్సిల్ సమావేశాల ప్రత్యక్ష ప్రసారం: చూడటానికి సరే, అనుసరించడానికి కష్టం

స్థానిక కౌన్సిళ్లు తమ సర్వసభ్య సమావేశాలను యూట్యూబ్‌లోనో, సొంత వెబ్‌సైట్‌లోనో ప్రత్యక్షంగా ప్రసారం చేయడం ఇప్పుడు చాలా దేశాల్లో మామూలు విషయమైంది. ఈ సేవను ప్రారంభించే వేళ నాయకులు తరచుగా చెప్పే మాట, దీనివల్ల యువత స్థానిక పాలనకు దగ్గరవుతుందని. అటువంటి ఒక సేవను, కొత్తగా ఓటు హక్కు పొందిన కొందరు యువతీయువకులతో కలిసి, కొంతకాలంగా క్రమం తప్పకుండా చూస్తున్నాను. ఆ కౌన్సిల్ పేరు ఇక్కడ అప్రస్తుతం. చూసేవారికి చర్చ అర్థమవుతోందా, అందులో రేపు తామూ పాల్గొనగలమన్న నమ్మకం కలుగుతోందా అన్నదే ఈ సమీక్షకు గీటురాయి.

సాంకేతికంగా పెద్దగా వంక పెట్టవలసింది లేదు. ప్రసారం సమయానికి మొదలవుతుంది, బొమ్మ స్పష్టంగా ఉంటుంది. అయితే కెమెరా ఒక్కటే, అదీ ఛైర్‌పర్సన్ వేదికకు ఎదురుగా బిగించినది కావడంతో సభ్యులు మాట్లాడుతున్నప్పుడు వారి ముఖాలకు బదులు తలల వెనుక భాగమే కనిపిస్తుంది. మాట్లాడుతున్నవారి పేరు, వార్డు తెరపై పడవు. మైకు ఆపేసిన తర్వాత సాగే వాదోపవాదాలు మనకు పెదవుల కదలికగా కూడా అందవు. ఇవన్నీ కొద్దిపాటి ఖర్చుతో సరిదిద్దుకోగలిగినవే.

అసలు లోపం వేరే చోట ఉంది. తెర మీద చర్చ నడుస్తుంది గానీ, ఆ చర్చకు ఆధారమైన కాగితాలు ప్రేక్షకుడి దగ్గర ఉండవు. సభ్యులు "పదకొండో అంశం, అనుబంధం రెండు" అంటూ పేజీలు తిప్పుతుంటే, చూసేవారికి ఆ పదకొండో అంశం ఏమిటో తెలిసేసరికి కౌన్సిల్ పద్నాలుగో అంశానికి చేరుకుంటుంది. ఎజెండాను వెబ్‌సైట్‌లో పెడుతున్నారు, నిజమే. కాని అది స్కాన్ చేసిన పత్రం కాబట్టి అందులో వెతకడం కుదరదు, వీడియో కింద దాని లింకు ఉండదు, చివరి క్షణంలో చేర్చే టేబుల్ ఎజెండా అయితే సమావేశం ముగిసేదాకా ఎవరికీ కనిపించదు. కీలకమైన అంశాలు తరచుగా ఆ టేబుల్ ఎజెండాలోనే వస్తుంటాయన్నది నా గమనింపు. ఇది యాదృచ్ఛికమని నమ్మడానికి చాలా ఓపిక కావాలి.

ఈ విషయంలో చట్టాలు ఇతరచోట్ల ఎంత నిర్దిష్టంగా ఉన్నాయో చూస్తే లోటు తీవ్రత అర్థమవుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1953 నాటి బ్రౌన్ చట్టం ప్రకారం సాధారణ సమావేశానికి కనీసం 72 గంటల ముందే ఎజెండాను ప్రజలకు అందుబాటులో ఉంచాలి. సాధారణ సమావేశాల్లో ప్రజలు మాట్లాడేందుకు అవకాశం కూడా కల్పించాలి. ఇంగ్లండ్‌లో ప్రధాన కౌన్సిళ్లు మామూలుగా సమావేశానికి ఐదు పూర్తి రోజుల ముందే పత్రాలను బయటపెట్టాలి. 2014లో వచ్చిన నిబంధనలైతే, బహిరంగ సమావేశాన్ని ప్రేక్షకులే చిత్రీకరించి ప్రచురించుకోవచ్చని స్పష్టం చేశాయి. ఈ రెండు చోట్లా శాసనకర్తలు గుర్తించిన విషయం ఒక్కటే: తలుపు తెరిచినంత మాత్రాన సరిపోదు, లోపల ఏం జరగబోతోందో ముందే తెలియాలి.

ఒక సమావేశంలో జరిగినది వివరంగా చెప్పాలి. ఖాళీ స్థలం ఒకదాన్ని వాహనాల పార్కింగ్‌కు కేటాయించే ప్రతిపాదన చర్చకు వచ్చింది. కొత్తగా ఎన్నికైన ఒక యువ సభ్యురాలు లేచి, ఇదే స్థలాన్ని ఆటస్థలంగా నిర్ణయిస్తూ గతంలో కౌన్సిల్ చేసిన తీర్మానం ఇంకా అమల్లో ఉందా, ఉంటే దాన్ని రద్దు చేయకుండా కొత్త తీర్మానం ఎలా చేస్తారని అడిగారు. అధికారి ఫైలు తిరగేయడం మొదలుపెట్టారు. ఆయన జవాబు చెప్పేలోపే సీనియర్ సభ్యుడొకరు "అమ్మాయి కొత్తగా వచ్చింది, నెమ్మదిగా నేర్చుకుంటుందిలెండి" అన్నారు. సభలో నవ్వులు. ఆ నవ్వుల మధ్యనే మూజువాణి ఓటు, ఆమోదం, తర్వాతి అంశం అన్నీ జరిగిపోయాయి. అధికారి చేతిలో ఫైలు అప్పటికింకా తెరిచే ఉంది.

నాణ్యమైన చర్చకు కావలసిన సరుకంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది: పాత రికార్డు, చట్టబద్ధతపై సందేహం, జవాబు ఇవ్వగల అధికారి. లేనిది దాన్ని సాగనిచ్చే అధ్యక్షత. ఛైర్‌పర్సన్ ఒక్క నిమిషం ఆగి, సమాధానం వచ్చేవరకు ఓటింగ్ వాయిదా వేసి ఉంటే, సవరణ ప్రతిపాదనకు దారి ఏర్పడేది; పార్కింగ్ కావాలనే సభ్యులకు కూడా తమ వాదనను గట్టిగా చెప్పుకునే అవసరం కలిగేది. నాతోపాటు చూస్తున్న యువతలో ఒకరు, "మరి సమాధానం ఎప్పుడు చెబుతారు?" అని అడిగారు. ఆ తర్వాత విడుదలైన మినిట్స్‌లో, అంటే సమావేశపు లిఖిత రికార్డులో, ఆ అంశం ఎదురుగా ఉన్నది ఒకే వాక్యం: "చర్చ అనంతరం ఆమోదించడమైనది." ప్రశ్న లేదు, అడిగిన సభ్యురాలి పేరు లేదు.

ఇక బయటి ప్రపంచానికి చేరింది ఆ సీనియర్ సభ్యుడి వ్యాఖ్య, నవ్వులు ఉన్న కొన్ని సెకన్ల ముక్క మాత్రమే. సభ్యురాలికి సానుభూతి బాగానే దక్కింది. స్థలం గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. ఇది ఒక ఊరికి పరిమితమైన జబ్బు కాదు. ఇంగ్లండ్‌లో అట్టడుగు స్థాయి స్థానిక సంస్థ అయిన పారిష్ కౌన్సిళ్లలో ఒకటైన హ్యాండ్‌ఫోర్త్ కౌన్సిల్ 2020 డిసెంబరులో జూమ్‌లో జరుపుకున్న సమావేశం 2021 ఫిబ్రవరిలో ప్రపంచమంతటా వైరల్ అయింది. క్లర్క్ (కౌన్సిల్ కార్యదర్శి) బాధ్యతలు చూస్తున్న అధికారిణి ఛైర్మన్‌నే సమావేశం నుంచి తప్పించడం, ఆమెకు ఆ అధికారం లేదంటూ ఆయన కేకలు వేయడం చూసి లక్షలాదిమంది నవ్వుకున్నారు. స్థానిక పాలనపై ఒక్కసారిగా ఆసక్తి పెరిగిందని సంతోషించినవారూ ఉన్నారు. కాని ఆ రోజు కౌన్సిల్ ముందున్న పని ఏమిటో అడిగితే, నవ్వినవారిలో చెప్పగలిగేవారు ఎందరుంటారో అనుమానమే. కాగితాలు లేని ప్రసారం నుంచి గొడవ తప్ప వేరే కథ పుట్టడం కష్టం.

చట్టపరంగా చూస్తే యువతకు ద్వారాలు క్రమంగా తెరుచుకుంటూనే ఉన్నాయి. ఆస్ట్రియా 2007లో ఓటు వయసును 16కు తగ్గించింది. స్కాట్లండ్‌లో 2015 నాటి చట్టంతో స్థానిక ఎన్నికల్లో 16 ఏళ్లవారు ఓటు వేయగలుగుతున్నారు. బ్రిటన్ 2006 చట్టం ద్వారా పోటీ చేసే కనీస వయసును 21 నుంచి 18కి దించింది. భారత రాజ్యాంగం శాసనసభకు 25 ఏళ్లు ఉండాలని చెబుతూనే పంచాయతీలు, పురపాలక సంఘాలకు 21 ఏళ్లు చాలునన్నది. 2020 డిసెంబరులో ఆర్యా రాజేంద్రన్ తిరువనంతపురం మేయర్ అయినప్పుడు ఆమె వయసు 21 సంవత్సరాలే. ఫ్రాన్స్‌లోని షిల్టిగైమ్ పట్టణం 1979లోనే పిల్లల కౌన్సిల్‌ను ఏర్పాటు చేసింది. అయితే ఇటువంటి పిల్లల, యువజన కౌన్సిళ్ల విషయంలో నాకొక సంకోచం ఉంది: అవి చేసిన సిఫారసుకు అసలు కౌన్సిల్ లిఖితపూర్వకంగా జవాబివ్వాలన్న నియమం లేకపోతే, అవి ఫొటోలకే మిగిలిపోతాయి.

కాబట్టి ఈ ప్రసార సేవను ఎవరికి సిఫారసు చేయవచ్చు? స్థానిక విలేకరులకు, పోటీ చేయాలని ఇప్పటికే నిర్ణయించుకున్నవారికి తప్పకుండా. ఎవరు సిద్ధపడి వస్తారు, ఎవరు నినాదాలతో కాలం గడుపుతారు, అధ్యక్షస్థానం ఎవరికి మైకు ఇస్తుంది అన్నవి కొన్ని సమావేశాలు చూస్తే తేలిపోతాయి. కుతూహలంతో తొలిసారి చూడబోయే యువతకు మాత్రం నా సలహా, ఎజెండా ముందే ప్రింటు తీసుకుని, ఒకే ఒక అంశాన్ని ఎంచుకుని, దాని మీద చర్చ వచ్చినప్పుడే చూడమని. మొత్తం సమావేశం చూడబోతే మధ్యలోనే విసుగు పుడుతుంది. అది వారి తప్పు కాదు.

నిర్వాహకులు చేయగలిగినవీ పెద్ద పనులేమీ కావు. వీడియో కింద ఎజెండా లింకు, ఒక్కో అంశం మొదలయ్యే సమయం, మాట్లాడే సభ్యుల పేర్లు, ఓటింగ్‌లో ఎవరు ఎటు ఉన్నారన్న వివరం ఉంటే ఇదే సేవకు నేను నిస్సంకోచంగా ఎక్కువ మార్కులు వేసేవాడిని. ప్రస్తుతానికి ఐదుకు రెండు. అన్నిటికంటే ముందు పాత వీడియోలను తొలగించడం ఆపాలి. ఇప్పుడు తర్వాతి సమావేశం ప్రసారం కాగానే వెనకటిది కనిపించకుండా పోతోంది. వెనకటి సమావేశపు మినిట్స్‌ను ఆమోదించేదీ ఆ తర్వాతి సమావేశంలోనే కాబట్టి, రాసుకున్నదీ జరిగినదీ పక్కపక్కన పెట్టి పోల్చవలసిన రోజుకు వీడియో అందుబాటులో ఉండటం లేదు.