పదును లేని తల్వార్: కత్తి పట్టే హీరోయిన్‌ని రాసేవాళ్ళకి పనికొస్తుందా?

కొన్నది పదును పెట్టని స్టీలు తల్వార్, పైన ఎర్ర గుడ్డ అంటించిన చెక్క ఒరతో. డెహ్రాడూన్ నుంచి వచ్చింది, కొరియర్‌తో కలిపి 3,400 అయింది. మొత్తం పొడవు 36 అంగుళాలు, అందులో బ్లేడ్ 30. వెబ్‌సైట్‌లో 900 గ్రాములని ఉంది కానీ మా వీధి కిరాణా కొట్టు కాటా మీద 1,080 తూగింది. అయిదు స్టార్లకి మూడున్నర ఇస్తాను. గోడకి తగిలించుకునే వాళ్ళకైతే రెండే.

నేను ఆడియో సీరియల్స్‌కి స్క్రిప్టులు రాస్తాను. ఇప్పుడు రాస్తున్న కథలో భవాని అనే అమ్మాయి కాకినాడ పోర్టు దగ్గర డీజిల్ దొంగల ముఠాతో తలపడుతుంది. తాత దగ్గర నేర్చుకున్న కత్తిసాము తప్ప ఆమెకి వేరే ఆయుధం లేదు. అవతల వాళ్ళ దగ్గర నాటు తుపాకులున్నాయి. కథ చెప్పగానే ఎవరైనా అడిగేది ఒకటే: "వాడు కాల్చి పారేస్తే అయిపోలా?" ఆ ప్రశ్నకి కాగితం మీద సమాధానం దొరకదనిపించి కత్తి తెప్పించాను.

ముందు పిడి సంగతి. తల్వార్ పిడి చివర చిన్న పళ్ళెం లాంటి బిళ్ళ ఉంటుంది. నాలుగు వేళ్ళూ ఇరుకుగా పడతాయి, వేళ్ళు కాస్త లావైనవాళ్ళకి చూపుడు వేలు అడ్డపట్టీ మీదికి వెళ్ళిపోతుంది. సినిమాల్లోలాగా మణికట్టు గిరగిరా తిప్పామా, ఆ బిళ్ళ అంచు మణికట్టు కింద ఎముకకి గుచ్చుకుంటుంది. మొదటి రోజే నా చెయ్యి కమిలింది. మోచెయ్యి, భుజం కలిపి గుండ్రంగా లాగుతూ కోస్తేనే ఇది హాయిగా నడుస్తుంది. అంటే ఈ కత్తి పొడవడానికి కాదు, లాగి కోయడానికి. భవాని దెబ్బలన్నీ నేను తిరగరాయాల్సి వచ్చింది. ఇంతకాలం ఆ అమ్మాయి చేత తల్వార్‌తో ఈటె పని చేయిస్తున్నాను మరి.

బరువు గురించి అందరూ భయపెడతారు కానీ కిలో పెద్ద బరువేం కాదు. పాట ఒకటి పెట్టుకుని అది అయ్యేదాకా ఆపకుండా తిప్పి చూడండి, అప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాత నా ముంజెయ్యి వణికి ఫోన్ లాక్ కూడా తీయలేకపోయాను. కత్తియుద్ధం పేజీలకి పేజీలు సాగదీసే వాళ్ళందరికీ ఈ ఒక్క కారణం చాలు, కొనుక్కోవచ్చు.

అసలు ఇబ్బంది పొడవుతో. మా హాల్లో తల మీదికి ఎత్తితే మొన ఫ్యాన్ రెక్కకి తగిలింది. నా ఎత్తు అయిదు అడుగుల మూడు అంగుళాలే. మామూలు ఇళ్ళల్లో ఫ్యాన్ తిరుగుతుండగా కత్తి పైకెత్తిన హీరో ముందు కరెంటు మిస్త్రీని పిలవాలి. లిఫ్టులో అయితే ఒరలోంచి పూర్తిగా బయటికి రానే రాదు, మోచెయ్యి గోడకి కొట్టుకుంటుంది. ఆటో వెనక సీట్లో అడ్డంగా పెట్టుకోవచ్చు, దిగేటప్పుడు మాత్రం కంబీలో ఇరుక్కుంటుంది. చున్నీ కింద దాచుదామని చూశాను. నిలబడితే పరవాలేదు, కూర్చోగానే బయటపడుతుంది. భవాని ఇప్పుడు చేపల వలల మూటలో దాచుకుని తిరుగుతోంది. హార్బర్‌లో వల మోసుకెళ్ళే మనిషిని ఎవరూ ఆపరు.

తర్వాత తుపాకీ. మా తమ్ముడి కొడుకు దగ్గర నిరుటి దీపావళి రీలు తుపాకీ ఉంది. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసు డెనిస్ ట్యూలర్ 1983లో రాసిన వ్యాసం ఒకటి ఈ విషయంలో చాలా పేరున్నది. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని దాదాపు ఒకటిన్నర సెకన్లలో దాటేస్తాడనీ, ఒరలో ఉన్న పిస్టల్ తీసి కాల్చడానికీ ఇంచుమించు అంతే పడుతుందనీ దాని సారం. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో 21 అడుగులంటే కారున్నర పొడవు. మొద్దు కత్తితో పిల్లాడి మీదికి పరిగెత్తడమేంటని, దాన్ని ఇంట్లోనే ఉంచి చుట్టిన పేపరు పట్టుకున్నాను. వాడు తుపాకీని చొక్కా కింద దోపుకున్నాడు. నేను పరిగెత్తుకొచ్చేసరికి వాడింకా చొక్కా అంచుతోనే కుస్తీ పడుతున్నాడు. అదే ముందే గురిపెట్టి నిలబడితే నేను రెండడుగులు వేసేలోపే ఢాం. "అత్తా, నువ్వు చచ్చిపోయావు, ఇంక పడిపో" అని వాడి గోల. వాచ్‌మన్ వచ్చి "ఏంటమ్మా, షూటింగా?" అన్నాడు.

ఇక్కడ రాసేవాళ్ళు చాలామంది పక్కన పెట్టేసే సంగతి ఒకటుంది. పిస్టల్ గుండు తగిలినవాడు అక్కడికక్కడే కూలిపోతాడని లేదు. అదే వేగంతో వచ్చి మీద పడొచ్చు. కాబట్టి దగ్గర్లో కత్తీ పిస్టలూ తలపడితే ఒకరు గెలవడం కన్నా ఇద్దరికీ దెబ్బలు తగలడమే నమ్మేలా ఉంటుంది. దూరంలో అయితే కత్తికి అసలు ఛాన్సే లేదు. 1898లో సూడాన్‌లోని ఒమ్‌దుర్మాన్ దగ్గర కత్తులు, ఈటెలతో దూసుకొచ్చిన సైన్యంలో పదివేల మందికి పైగా చనిపోయారు. మెషిన్ గన్లున్న బ్రిటిష్ వైపు పోయింది సుమారు యాభై మంది. ఆ యుద్ధంలోనే విన్‌స్టన్ చర్చిల్ గుర్రం మీద ఉండి కూడా కత్తిని ఒరలో పెట్టేసి మౌజర్ పిస్టల్ వాడాడు. అంతకు రెండేళ్ళ ముందు బొంబాయిలో పడవ దిగుతూ భుజం జారగొట్టుకోవడమే కారణం. హీరో చేతికి ఏ ఆయుధం ఇవ్వాలో ఒక పాత దెబ్బ తేల్చేసింది, చూడండి. ఇలాంటి చిన్న కారణం ముందు ప్రతిజ్ఞలూ వంశ గౌరవాలూ నాకు ఆనవు.

అదే ఇంటిపేరున్న ఇంకో ఆయన, బ్రిటిష్ సైన్యాధికారి జాక్ చర్చిల్. రెండో ప్రపంచ యుద్ధంలోకి నిజంగానే కత్తి పట్టుకెళ్ళాడు. 1943లో ఇటలీలోని సలెర్నో దగ్గర, రాత్రిపూట, ఒక్క కార్పొరల్‌ని వెంటేసుకుని 42 మంది జర్మన్లని పట్టుకొచ్చాడు. చీకట్లో కాపలా వాళ్ళని ఒక్కొక్కళ్ళనీ ఊహించని దగ్గర్లో అదాటున పట్టుకోవడమే అక్కడి కిటుకు. కత్తి ఆ దగ్గరితనానికే పనికొచ్చింది. భవాని కూడా కరెంటు పోయిన ఐస్ ఫ్యాక్టరీలోనే తలపడుతుంది, పగటిపూట బీచ్ రోడ్డు మీద కాదు. ఫైటు నిమిషంలో అయిపోతుంది, ఎపిసోడంతా ఆ దగ్గరికి ఎలా చేరిందన్నదే.

ఆడియో వాళ్ళకి ఒక మాట. కత్తి దూసినప్పుడు "శింగ్" మని వచ్చే మోత ఈ కత్తికి లేదు. చెక్క ఒరలోంచి లాగితే పట్టుచీర మడత విప్పినట్టు సర్రుమంటుంది, అంతే. ఫోన్ దగ్గర పెట్టి రికార్డు చేశాను, చీకటి సీన్‌కి అదే భయంగా ఉంది. సౌండ్ ఇంజనీర్ మాత్రం పాత శింగ్ కావాలని ఇంకా పోట్లాడుతున్నారు.

ఇక లోపాలు. నెల తిరక్కుండానే పిడి లూజైంది, ఊపితే లోపల టక్‌టక్‌మంటుంది. పాతకాలంలో వీటిని లక్క పోసి బిగించేవారు, దీనికి ఏదో నాసిరకం జిగురు పెట్టారు. అమ్మినవాళ్ళకి వీడియో పంపితే "డెకరేషన్ పీస్ మేడమ్" అని జవాబు. వెబ్‌సైట్‌లో "ప్రాక్టీస్‌కి" అని రాసింది ఎవరో మరి! చివరికి లోకల్‌గా ఎపాక్సీ పోయించి బిగించుకున్నాను. రెండోది తుప్పు. మా సముద్రపు గాలికి వేలిముద్రలు పడినచోట తెల్లారేసరికి గోధుమ రంగు మరకలు. కొబ్బరి నూనె రాస్తే జిడ్డుకట్టి దుమ్ము పట్టింది, కుట్టు మిషన్ నూనె రాస్తే బాగుంది. సంవత్సరాల తరబడి అటక మీద పడున్న తాత కత్తి తీయగానే తళుక్కుమనే సీన్ రాసేవాళ్ళు కనీసం ఆ సీసా ఒకటి పక్కన పెట్టండి.

కొనేముందు చట్టం సంగతి కూడా చూసుకోండి. 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన 2016 రూల్స్ ప్రకారం ఖడ్గం ఆయుధమే. మామూలు కత్తి కూడా 9 అంగుళాల కన్నా పొడవో 2 అంగుళాల కన్నా వెడల్పో ఉండి, ఇంటి పనికో పొలం పనికో కాకపోతే ఆ లెక్కలోకే వస్తుంది. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో లైసెన్సు కావాలి. పుట్టినరోజు కేకు తల్వార్‌తో కోసి వీడియో పెట్టి కేసుల్లో ఇరుక్కున్న కుర్రాళ్ళ వార్తలు మనం చూస్తూనే ఉన్నాం. పదును పెట్టించకండి, వీధిలోకి తీసుకెళ్ళకండి. బిల్లు మీద "పదును లేనిది" అని రాయించుకుని, ఆ బిల్లుని ఒరతోనే ఉంచండి.