పిఎస్‌పి మీద ఓనమాలు: పిఎస్‌పిడెవ్ వాడి చూశాక

సి భాష కాస్త వచ్చి, సొంతంగా ఒక గేమ్ రాసి దాన్ని చేత్తో పట్టుకుని ఆడాలని ఉన్నవాళ్లకి పిఎస్‌పి (ప్లేస్టేషన్ పోర్టబుల్ అనే, చేతిలో పట్టే గేమ్ కన్సోల్) కంటే మంచి మొదలు నాకు కనబడలేదు. సోనీ దీన్ని 2004 డిసెంబరులో జపాన్‌లో విడుదల చేసింది, 2014లో ఆపేసింది. మన దగ్గరా అమ్మారు కాబట్టి మీ ఇంట్లోనో చుట్టాలింట్లోనో ఒకటి మూలన పడి ఉండొచ్చు. దానికి ప్రోగ్రాములు రాసుకోవడానికి ఔత్సాహికులు నిలబెట్టుకొస్తున్న ఉచిత టూల్‌చైన్ (మన కోడ్‌ని కన్సోల్ నడపగల ప్రోగ్రాంగా మార్చే పనిముట్ల కట్ట) పేరు పిఎస్‌పిడెవ్. మా పాపకి అక్షరాలు నేర్పే చిన్న గేమ్ కోసం దీన్ని వాడుతున్నాను.

ఇన్‌స్టాల్ చేయడం సులువు. ఉబుంటు లినక్స్ ఉంటే సరే, విండోస్ వాళ్లకి దాని లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ చాలు. రెడీమేడ్ ప్యాకేజీ డౌన్‌లోడ్ చేసి, విప్పి, పాత్ సెట్ చేస్తే అయిపోతుంది. పిఎస్‌పి-సీమేక్ అని ఒక కమాండ్ ఉంది, ప్రోగ్రాం బిల్డ్ చేయడానికి వాడే మామూలు సీమేక్ తెలిసినవాళ్లకి కొత్తగా ఏమీ అనిపించదు. చివర్లో ఈబూట్ అనే ఫైల్ చేతికొస్తుంది, దాన్ని మెమరీ స్టిక్‌లో గేమ్ ఫోల్డర్‌లో పెట్టాలి. కన్సోల్ దాన్ని నడపాలంటే కస్టమ్ ఫర్మ్‌వేర్, అంటే మనం రాసిన ప్రోగ్రాముల్ని కూడా నడపనిచ్చేలా మార్చిన సిస్టమ్ సాఫ్ట్‌వేర్, కావాలి. నాది సోనీ 6.61 వెర్షన్ మీద ఆర్క్-4 అనే కస్టమ్ ఫర్మ్‌వేర్.

ఇందులో గురువు శాంపిల్స్ ఫోల్డర్. బొమ్మ గీయడం, బటన్లు చదవడం, ధ్వని, వైఫై, అన్నిటికీ తలా ఒక చిన్న ప్రోగ్రాం ఉంది. ఒక్కోటీ కంపైల్ చేసి, ఒక అంకె మార్చి, మళ్లీ నడిపి చూడండి. ప్రతి శాంపిల్ మొదట్లో హోమ్ బటన్ కోసం నాలుగు ముక్కల కోడ్ కనిపిస్తుంది. అనవసరం అనుకుని తీసేయకండి. అది లేకపోతే హోమ్ నొక్కినా గేమ్ లోంచి బయటికి రాలేరు.

నాకు అసలు పని పడింది తెలుగు దగ్గర. డీబగ్ స్క్రీన్ మీద అక్షరాలు రాసే సదుపాయం ఉంది గానీ అది ఇంగ్లీషుకే. పోనీ తెలుగు ఫాంటు తెచ్చి ఒక్కో అక్షరం వరసగా గీద్దామంటే మన లిపి అలా కుదరదు. "స్త్రీ" అని రాయాలంటే యూనికోడ్‌లో 6 కోడ్‌లు. తెర మీద అవి వత్తులు, గుడిదీర్ఘం పట్టుకుని ఒకే ముద్దగా కూర్చోవాలి. ఆ కూర్పంతా కంప్యూటర్ మీదే చేయించేశాను. మండలి అనే తెలుగు ఫాంటుతో పాంగో అనే లైబ్రరీ అక్షరాల్ని చక్కగా తీర్చి బొమ్మగా ఇస్తుంది. పిఎస్‌పి ఆ బొమ్మని చూపిస్తే చాలు.

ఈ యంత్రం అందం తెలిసేది ఇక్కడే. ఒక టెక్స్‌చర్ (గ్రాఫిక్స్ చిప్ వాడుకునే బొమ్మ) 512కి 512 పిక్సెళ్లు దాటకూడదు. 64 పిక్సెళ్ల గళ్లు వేస్తే 64 గళ్లు వస్తాయి, 56 అక్షరాలూ అందులో సర్దుకుంటాయి. కానీ పూర్తి రంగుల్లో దాచితే 1 ఎంబీ అవుతుంది. వీడియో మెమరీ మొత్తం 2 ఎంబీ. తెర 480కి 272 అయినా వరసకి 512 పిక్సెళ్ల లెక్కన తెర బొమ్మకి బఫర్ పెట్టుకోవాలి కాబట్టి, ఒకటి చూపిస్తుండగా ఇంకోటి గీసే రెండు బఫర్లకే 1088 కేబీ పోతుంది. మిగిలింది 960 కేబీ, ఇక బొమ్మ పట్టదు. అదే 16 రంగుల పాలెట్‌తో దాచితే 128 కేబీలో అయిపోతుంది. అక్షరాల అంచులు నున్నగా కనిపించడానికి 16 ఛాయలు చాలు కూడా. ఆఫీసులో జీబీల కొద్దీ మెమరీ అడిగే సర్వర్లతో పనిచేసే నాకు ఈ లెక్క వేసుకుంటుంటే ఎంతో తృప్తిగా ఉంటుంది.

కన్సోల్ లేకుండా కూడా మొదలుపెట్టొచ్చు. పిపిఎస్‌ఎస్‌పిపి అనే ఎమ్యులేటర్ 2012 నుంచి ఉంది, ఫోన్ మీదా నడుస్తుంది, చాలా నమ్మకమైనది. అయినా ఆఖరి మాట కన్సోల్‌దే. ప్రాసెసర్ మెమరీలో రాసినది ముందు క్యాష్ అనే చిన్న, వేగమైన మెమరీలో ఉంటుంది, గ్రాఫిక్స్ చిప్ మాత్రం నేరుగా మెమరీలోంచి చదువుకుంటుంది. క్యాష్‌లో ఉన్నదాన్ని మెమరీలోకి తోయమని మనం చెప్పకపోతే అక్షరం మీద అడ్డగీతలు, చెత్త చుక్కలు కనిపిస్తాయి. ఎమ్యులేటర్ ఆ క్యాష్‌ని అనుకరించదు, అందుకే అక్కడ బొమ్మ శుభ్రంగా వస్తుంది. ఒక్క ఫంక్షన్ పిలిస్తే సరిపోయే విషయం, తెలియకపోతే మాత్రం తల పగిలిపోతుంది.

ఇంకోటి. ఈ చిప్‌లో దశాంశ లెక్కలకి హార్డ్‌వేర్ ఉంది గానీ ఫ్లోట్ వరకే, డబుల్‌కి లేదు. 0.5 అని రాసి పక్కన ఎఫ్ పెట్టకపోతే కంపైలర్ ఆ లెక్కని డబుల్‌గా తీసుకుంటుంది, అదంతా సాఫ్ట్‌వేర్‌తో నెమ్మదిగా సాగుతుంది.

ప్రతిసారీ మెమరీ స్టిక్‌కి కాపీ చేస్తూ కూర్చోవద్దు. పిఎస్‌పిలింక్ పెట్టుకుంటే యూఎస్‌బీ వైరు మీదుగా కంప్యూటర్ నుంచే గేమ్ నడపొచ్చు. క్రాష్ అయితే ఏ అడ్రస్ దగ్గరో టెర్మినల్‌లో చూపిస్తుంది, దాన్నిబట్టి కోడ్‌లో లైన్ పట్టేయొచ్చు. సగం టెన్షన్ అక్కడే తగ్గిపోతుంది.

సి అసలు రానివాళ్లకి, బటన్లు లాగి పడేస్తే గేమ్ తయారవ్వాలనుకునేవాళ్లకి ఇది సరిపడదు. మిగతా అందరికీ 5కి 4 స్టార్లతో సిఫారసు చేస్తాను. ఒక స్టార్ తగ్గించింది వరసగా చదువుకునే పాఠ్యపుస్తకం లాంటిది లేనందుకు. సెకండ్ హ్యాండ్‌లో కొనేటట్టయితే పిఎస్‌పి-2000 గానీ 3000 గానీ మోడల్ చూడండి. మొదటి మోడల్‌లో ర్యామ్ 32 ఎంబీ, వీటిలో 64. డబ్బులిచ్చే ముందు వెనక మూత తీయించి బ్యాటరీ ఉబ్బిందేమో చూసుకోండి. మెమరీ స్టిక్ బదులు మైక్రోఎస్‌డీ కార్డు పట్టే అడాప్టర్ కొనుక్కుంటే చవక.