ఆరెక్స్ 100కి కొత్త సీడీఐ వేసి ఆరేళ్లు: పెట్టె మంచిదే, కానీ...

పర్లాకిమిడిలో మా నాన్న 1993లో కొన్న యమహా ఆరెక్స్ 100 బైక్ ఇప్పుడు నేను నడుపుతున్నాను. 2019లో దాని ఒరిజినల్ సీడీఐ (ప్లగ్‌కి స్పార్క్ వచ్చేలా చేసే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె) పోయింది, అడుగున పోసిన నల్ల లక్క బీటలు వారి ఒక మూల ఊడొచ్చేసింది. బయట దొరికే కొత్త పెట్టె వేయించాను. చలికాలం పొద్దున్న ఆరేడు కిక్కులు కొట్టించుకునే బండి సగం కిక్కుకే అందుకుంది! ఆ సంబరంలో ఆరెక్స్ ఉన్న ప్రతివాడికీ "సీడీఐ మార్చెయ్, ఇంకేం చూడక్కర్లేదు" అని చెప్పాను. ఆ మాట ఇప్పుడు సవరించుకుంటున్నా.

2022 మే నెల, ఆర్.ఉదయగిరి వైపు ఘాట్ ఎక్కుతున్నాం, వెనక మా ఆవిడ, మధ్యలో పాప. బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. ప్లగ్ విప్పితే పెట్రోల్‌తో తడిసి ఉంది, హెడ్‌కి ఆనించి కిక్ కొడితే స్పార్క్ లేదు. పనస చెట్టు నీడలో అరగంట కూర్చున్నాక, ఇంజన్ మీద చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక, ఒక్క కిక్కుకే స్టార్ట్. నాలుగు మలుపులు తిరిగామో లేదో మళ్లీ అంతే. ఆ రోజు మూడుసార్లు ఆగాం, ఎండకి పాప మొహం కందిపోయింది, నాకు ఒకటే టెన్షన్. తిరిగొచ్చాక ఇంకో కొత్త పెట్టె కొని వేశాను. వారం తిరక్కుండా అదే గొడవ.

చివరికి పాతపట్నంలో ఒక పెద్ద మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. "పెట్టెని తిట్టకు బాబూ, దానికి తిండి పెట్టేదాన్ని చూడు" అన్నాడు. సీడీఐ సొంతంగా కరెంటు పుట్టించదు. మేగ్నెట్‌లోని (ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించే భాగం) సోర్స్ కాయిల్ ఇచ్చిన కరెంటును కెపాసిటర్‌లో దాచుకుని, స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో చెప్పే పికప్ కాయిల్ నుంచి సిగ్నల్ రాగానే ఒక్కసారిగా ప్లగ్‌కి కరెంటు పంపే హైటెన్షన్ కాయిల్‌కి వదులుతుంది. ఆయన బండిని బాగా వేడెక్కేదాకా తిప్పించి, ఆగిన వెంటనే సోర్స్ కాయిల్ వైరుకి మీటర్ పెట్టాడు: రీడింగే లేదు. అలాగే ఉంచి టీ తాగొచ్చేసరికి అంకె కనిపించింది! వేడికి లోపల తీగ విడిపోతోంది, చల్లారితే కలుస్తోంది. కాయిల్ కొత్తగా చుట్టించాం, ఇంజన్ దగ్గర తుప్పు పట్టిన ఎర్త్ వైరు కనెక్షన్ గీకి బిగించాం. అప్పటినుంచి ఘాట్‌లో ఒక్కసారి ఆగలేదు.

పెట్టె విషయానికొస్తే, స్టార్టింగ్‌కి ఇప్పటికీ దండం పెడతా. పై గేర్లో మాత్రం పాతదాని లాగుడు లేదనిపిస్తుంది, అది నా చెవి సంగతో పెట్టె సంగతో తేల్చి చెప్పలేను. నేను రోజూ తిరిగేది ఊళ్లోనే, ఘాట్ నెలకోసారి. రోజూ కొండ ఎక్కేవాళ్లయితే ముందు కాయిల్ వేడి మీద చూపించుకుని, ఆ తర్వాతే పెట్టె మీద డబ్బు పెట్టండి. నేను తొందరపడి కొన్న రెండోది ఇప్పటికీ సైడ్ డబ్బాలో ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉంది.