గోయింగ్ టు ది సన్ రోడ్డుపై ఎర్ర బస్సు ప్రయాణం: గ్లేసియర్ నేషనల్ పార్కు టూరు సమీక్ష

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో ఉన్న గ్లేసియర్ నేషనల్ పార్కుకు రోడ్డు మార్గాన వెళ్లే మన కుటుంబాలకు నేను గట్టిగా చెప్పదలచిన మాట ఒకటే: పార్కు మీదుగా సాగే గోయింగ్ టు ది సన్ రోడ్డును చూసే రోజున కారును బసలోనే ఉంచి, రెడ్ బస్సు టూరుకు టికెట్లు తీసుకోండి. దాదాపు 50 మైళ్ల ఈ దారికి ఒక పక్క నిలువుగా లేచిన కొండ, మరో పక్క లోతైన లోయ ఉండడంతో, స్టీరింగు పట్టుకున్న వారికి ఎదురుగా వచ్చే బండ్లను గమనించుకోవడంతోనే సరిపోతుంది. సియాటిల్ వంటి ఊళ్ల నుంచి అంత దూరం బండి నడిపి ఇంటిల్లిపాదినీ తీసుకువచ్చిన మనిషికే ఆ దృశ్యం దక్కకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఈ బస్సులను 1936 నుంచి 1939 వరకు వైట్ మోటార్ కంపెనీ తయారు చేసింది. 1999లో వీటిని రోడ్డు మీద నుంచి తప్పించగా, ఫోర్డ్ సంస్థ బాగుచేసిన తరువాత 2002లో తిరిగి తిరగడం మొదలుపెట్టాయి. పాత రోజుల్లో గేర్లు బలంగా నెట్టవలసి (ఇంగ్లీషులో ‘జామ్’ చేయవలసి) వచ్చేది కనుక డ్రైవర్లకు జామర్లనే పేరు వచ్చింది, ఇప్పటికీ వారిని అలాగే పిలుస్తారు. ఎండగా ఉన్నప్పుడు పైనున్న గుడ్డ కప్పును వెనక్కి చుట్టేస్తారు. కొండల ఎత్తు తెలియాలంటే తలెత్తి చూడాలి కదా, ఆ వీలు ఏ కారు కిటికీ నుంచీ దొరకదు.

పడమటి వైపు నుంచి బయలుదేరితే మొదట మెక్‌డొనాల్డ్ సరస్సు, ఆ తరువాత దేవదారు చెట్ల నీడ, అక్కడి నుంచి లూప్ అనే పెద్ద మలుపు వస్తాయి. కొండ ఎక్కడానికి అనేక మెలికలతో దారి వేయాలన్న తొలి ఆలోచనను పక్కన పెట్టి, నేషనల్ పార్క్ సర్వీస్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు థామస్ వింట్ సూచన మేరకు ఈ ఒక్క మెలికతోనే, గార్డెన్ వాల్ అనే కొండ గోడను తొలిచి దారి తీశారు. ఖర్చూ శ్రమా పెరిగినా కొండ ముఖం చెడిపోలేదు. 1933లో ప్రారంభమైన ఈ రోడ్డులో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించినది ఆ నిర్ణయమే. 6,646 అడుగుల ఎత్తున ఉన్న లోగన్ పాస్ అనే కనుమ వద్ద నీరు రెండుగా చీలుతుంది: పడమటికి జారినది పసిఫిక్ సముద్రానికి, తూర్పుకు జారినది కెనడాలోని హడ్సన్ బే అనే అఖాతానికి చేరుతుంది. కనుమ దిగిన తరువాత వచ్చే జాక్సన్ గ్లేసియర్ అనే హిమానీనదం కనిపించే మలుపు దగ్గర తప్పక ఆగి చూడాలి. 1850 ప్రాంతంలో ఈ పార్కులో సుమారు 150 హిమానీనదాలు ఉండేవని అంచనా. 2015 నాటి కొలతల్లో ఆ పేరుకు తగిన పరిమాణం ఉన్నవి 26 మాత్రమే మిగిలాయి. పిల్లలకు ఈ సంగతి పుస్తకంలో కంటే అక్కడ నిలబడి చెబితే బాగా తెలుస్తుంది.

నడక మీద ఇష్టం ఉన్నవారికి మాత్రం ఈ టూరు చాలదు. లోగన్ పాస్ నుంచి హిడెన్ లేక్ కనిపించే చోటికి వెళ్లిరావడానికి దాదాపు మూడు మైళ్లు నడవాలి, బస్సు ఆగే కొద్ది సమయంలో అది కుదరదు. అటువంటి వారు మరొక రోజు పెట్టుకోవడం మంచిది. సొంత వాహనంలో వెళ్లేవారు ఈ రోడ్డులో అవలాంచ్ అనే చోటు నుంచి రైజింగ్ సన్ అనే చోటు వరకు 21 అడుగుల కంటే పొడవైన బండ్లను అనుమతించరని గుర్తుంచుకోవాలి. అద్దెకు తీసుకున్న ఆర్‌వీలు (లోపలే ఉండే వసతి గల పెద్ద బండ్లు) చాలావరకు ఈ నియమం దగ్గరే ఆగిపోతాయి. ఈ ప్రాంతంతో తరతరాల అనుబంధం ఉన్న బ్లాక్‌ఫీట్ జాతి వారు చెప్పే కథలు వినాలనుకుంటే, వారే నడిపే సన్ టూర్స్ బస్సులు కూడా ఉన్నాయి.

లోగన్ పాస్ వద్ద భోజనం దొరకదు కనుక పులిహోరో చపాతీలో వెంట తీసుకువెళ్లండి, అయితే ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి మెతుకు కూడా బయట వదలకండి. వేసవిలోనూ పైన చలిగాలి వీస్తుంది, పెద్దవారికి స్వెట్టరు తప్పనిసరి. మంచు తొలగించాక రోడ్డు పూర్తిగా తెరుచుకునేది సాధారణంగా జూన్ చివరలోనో జూలైలోనో కనుక, ప్రయాణం ఆ తరువాతకు పెట్టుకుని, టికెట్లు మాత్రం నెలల ముందే తీసుకోండి. తూర్పుకు వెళ్లేటప్పుడు లోయ కుడి వైపున ఉంటుంది, కాబట్టి ఎక్కేటప్పుడు ఆ వైపు సీటు చూసుకోండి.