రెడ్ సాక్స్ 2004, కబ్స్ 2016: ఏది గొప్ప?

బోస్టన్ రెడ్ సాక్స్‌కు 86 ఏళ్లు, చికాగో కబ్స్‌కు 108 ఏళ్లు. అమెరికా బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ కప్పు కోసం ఈ రెండు జట్లూ ఎదురుచూసిన కాలం అది. బోస్టన్‌ది స్టార్ ఆటగాడు బేబ్ రూత్‌ను అమ్ముకున్న శాపమట, కబ్స్‌ది తన మేకను స్టేడియం నుంచి పంపేశారని ఒకాయన పెట్టిన శాపమట. నమ్మకాల సంగతి అలా ఉంచి ఆట చూద్దాం.

2004లో, ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లదే అనే సెమీస్ లాంటి సిరీస్‌లో రెడ్ సాక్స్ న్యూయార్క్ జట్టు యాంకీస్ చేతిలో వరసగా మూడు ఓడింది. మూడోదైతే 19-8, చిత్తుగా. నాలుగో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో (మామూలుగా అదే ఆఖరిది, సమమైతేనే పొడిగిస్తారు) ఒక్క పరుగు వెనక. అప్పుడు బోస్టన్ ఆటగాడు డేవ్ రాబర్ట్స్ రెండో బేస్ స్టీల్ చేశాడు, అంటే బంతిని కొట్టకముందే మొదటి బేస్ నుంచి రెండో దానికి పరిగెత్తి చేరాడు. అతను పరిగెడతాడని స్టేడియమంతటికీ తెలుసు, అయినా ఆపలేకపోయారు! స్కోరు సమమైంది, 12వ ఇన్నింగ్స్‌లో డేవిడ్ ఓర్టిజ్ హోమ్ రన్‌తో (క్రికెట్ సిక్సర్ లాంటి దెబ్బ) గెలిపించాడు. ఆ తర్వాత మరో మూడూ గెలిచారు. ఫైనల్లో కార్డినల్స్‌పై 4-0, అందులో పెద్ద టెన్షన్ లేదు.

కబ్స్ టెన్షన్ అంతా ఫైనల్లోనే. క్లీవ్‌లాండ్‌పై 1-3తో వెనకబడి 3-3 చేశారు. ఏడో మ్యాచ్‌లో 6-3 ఆధిక్యం ఉండగా, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో క్లీవ్‌లాండ్ ఆటగాడు రజాయ్ డేవిస్ హోమ్ రన్‌తో 6-6. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాక వాన, 17 నిమిషాల విరామం. ఆ కాసేపట్లో కబ్స్ ఆటగాడు జేసన్ హేవార్డ్ తన జట్టును ఒక గదిలోకి పిలిచి ధైర్యం చెప్పాడు. పదో ఇన్నింగ్స్‌లో బెన్ జోబ్రిస్ట్ కొట్టాడు, కబ్స్ 8-7తో గెలిచింది.

ఒక్క రాత్రి చూడాలంటే కబ్స్‌దే చూస్తాను. కానీ 0-3 నుంచి లేచి సిరీస్ గెలిచిన జట్టు మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అంతకుముందు లేదు. నా ఓటు బోస్టన్‌కే.