మా ఊరి వరి పొలంబడి: ఒక సార్వా అనుభవంపై సమీక్ష

గత సార్వాలో (ఖరీఫ్‌లో) కోనసీమలోని మా ఊళ్లో జరిగిన వరి పొలంబడికి, అంటే రైతులు వారం వారం చేలోనే పురుగులను చూసి నేర్చుకునే తరగతులకు, నాట్లు పూర్తయిన దగ్గర నుంచి పంట ఈనే దాకా వెళ్లాను. ప్రవేశ రుసుము లేని సేవే అయినా, రైతు వారానికి ఒక ఉదయం సొంత పనులు ఆపుకుని వస్తాడు కాబట్టి, అందులో అతనికి దక్కేదేమిటో నిక్కచ్చిగా చెప్పుకోవడం న్యాయం. చేలో దిగి చూసే భాగం అమూల్యమైనదనీ, షామియానా కింద కూర్చోబెట్టి చెప్పే భాగాన్ని సగానికి తగ్గించవచ్చనీ నా అభిప్రాయం.

పొద్దున్నే మంచు ఆరకముందే చిన్న చిన్న జట్లుగా చేలోకి దిగాలి. దుబ్బును కొంచెం వంచి మొదట్లో అరచేత్తో తడితే, అక్కడ చేరి వరి రసం పీల్చే సుడిదోమ పిల్లలు నీటి మీద రాలుతాయి. మరుక్షణమే, గుడ్ల సంచిని వెనక తగిలించుకుని తిరిగే సాలీడు నీటి మీదుగా పరుగెత్తుకొచ్చి ఒకదాన్ని పట్టుకుపోతుంది. ఆకుపచ్చని మిరిడ్ నల్లి మాత్రం ఆకు తొడిమెల మీద నింపాదిగా తిరుగుతూ, లోపల పెట్టిన దోమ గుడ్లను వెతికి పీలుస్తుంది. ఏళ్ల తరబడి వ్యవసాయం చేసినవాళ్లు కూడా ఈ నల్లిని దోమే అనుకుని మందు కొట్టించిన సందర్భాలు మా జట్టులోనే బయటపడ్డాయి. గట్టు మీదికి వచ్చాక పెద్ద కాగితం మధ్యలో వరి దుబ్బును గీసి, ఒక పక్క శత్రు పురుగులను, మరో పక్క మిత్ర పురుగులను లెక్కలతో సహా వేసి, ఆ వారం మందు అవసరమా కాదా అన్నది జట్టే తేల్చాలి. పిలక దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిన తర్వాత 20 నుంచి 25 దోమలు ఉంటేనే మందు గురించి ఆలోచించాలన్నది అక్కడ పాటించిన కొలత. ఆ సంఖ్యను ఎవరో చెప్పగా వినడం వేరు, మోకాళ్ల లోతు బురదలో నిలబడి మనమే లెక్కపెట్టడం వేరు.

ఈ పద్ధతి వెనక ఒక కీటక శాస్త్రవేత్త జీవితకాల కృషి ఉంది. అమెరికాకు చెందిన పీటర్ కెన్‌మోర్ ఫిలిప్పీన్స్‌లోని వరి పొలాల్లో సుడిదోమను అధ్యయనం చేసి, 1980లో బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. మందు కొట్టని చేలల్లో సాలీళ్లూ నల్లులూ దోమను అదుపులో ఉంచుతున్నాయనీ, మందు కొట్టిన చేలల్లోనే అది విజృంభిస్తోందనీ ఆయన పరిశోధన చూపింది. కారణం సరళమైనదే: దోమ గుడ్లు ఆకు తొడిమె కణజాలంలో భద్రంగా ఉంటాయి, బయట తిరిగే మిత్ర పురుగులు చస్తాయి, ఆ తర్వాత పొదిగిన పిల్లలకు అడ్డు ఉండదు. జావాలో దోమపోటు పంటను ఊడ్చేసిన తరుణంలో ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరిపై 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించి, క్రమంగా సబ్సిడీలనూ ఎత్తివేయడానికి ఆధారంగా నిలిచినవి ఇలాంటి పరిశోధనలే. 1989లో ఆ దేశంలోనే, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో మొదటి పొలంబడులు మొదలయ్యాయి. అదే సంస్థ తరఫున ఆసియా వరి దేశాల సస్యరక్షణ కార్యక్రమాన్ని నడిపించినవారు కెన్‌మోరే. ఒక శాస్త్రవేత్త ప్రభావాన్ని ఆయన వ్యాసాలను ఎందరు ఉటంకించారన్న దానితోనే కొలవడం అలవాటు. అయితే చదువుకోని రైతు సైతం తన చేలో అదే పరిశీలనను మళ్లీ చేసి అదే నిర్ణయానికి రాగలగడం అంతకన్నా పెద్ద ప్రభావమని నేను నమ్ముతాను.

మా చేలో ఫలితం గురించి అతిగా చెప్పను. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలు తీశాం, యూరియాను ఒకేసారి చల్లకుండా దఫదఫాలుగా వేశాం, దోమ కనిపించినప్పుడు నీరు తీసి చేను ఆరబెట్టాం. పక్క చేను వాళ్లు మిత్ర పురుగులను కూడా చంపే పైరిత్రాయిడ్ రకం పురుగుమందు కొట్టిన వారం మాత్రం గట్టు వెంబడి సాలీళ్లు బాగా తగ్గాయి. పొలంబడి ఒక్క చేనుకు పరిమితమైతే చాలదని ఆ వారమే తెలిసింది. రకం ఎంపిక గురించి, ముఖ్యంగా దోమను కొంత తట్టుకునే, మార్టేరు వరి పరిశోధన కేంద్రం వారి రకం విజేత గురించి, నాట్లకు ముందే ఒక తరగతి పెట్టి ఉండాల్సింది.

లోపాల్లో నన్ను ఎక్కువగా బాధించింది పిలుపుల జాబితా. మా ఊళ్లో సగానికి పైగా చేలు కౌలుకు సాగవుతుంటే, పిలిచింది ఎక్కువగా పట్టాదారులను. మందు కొట్టాలా వద్దా అని ప్రతిరోజూ తేల్చుకోవాల్సినది కౌలు రైతు. నాట్లు వేసే, కలుపు తీసే ఆడవాళ్లను ఒక్క తరగతికైనా పిలవలేదు. దుబ్బు మొదలును అందరికన్నా దగ్గరగా చూసేది వాళ్లే. వానలు ముదిరాక కొన్ని వారాలు చేలోకి దిగకుండానే కరపత్రాలు పంచి, ఉపన్యాసంతో ముగించారు. ఆ వారాల్లో హాజరు కూడా పల్చబడింది.

అయినా దాళ్వాకు (రబీకి) మళ్లీ పెడితే తప్పక వెళతాను. వెళ్లేవాళ్లు తొలి వారం నుంచే వెళ్లాలి, ఎందుకంటే మధ్యలో చేరినవాళ్లకు లెక్కల్లో వచ్చే హెచ్చుతగ్గులు అర్థం కావు. కౌలుకు చేసేవాళ్లు పిలుపు రాకపోయినా నేరుగా వచ్చి పేరు రాయించుకోవచ్చు. మా ఊళ్లో అలా వచ్చిన ఇద్దరిని నిర్వాహకులు ఆదరంగానే చేర్చుకున్నారు.