కాసియో ఎఫ్‌ఎక్స్-991ఈఎస్ ప్లస్ క్యాలిక్యులేటర్, ఆ ఫ్యాక్ట్ బటన్ కోసమైనా కొనొచ్చు

మా పాపకి ఎనిమిదో తరగతి, విశాఖ డాబాగార్డెన్స్‌లో పుస్తకాల షాపులో కొన్నాం, వెయ్యి దాటింది గానీ షాపాయన డబ్బా విప్పి అన్ని బటన్లూ నొక్కి చూపించి ఇచ్చాడు. సైన్లు, కాస్‌లు, లాగ్‌లు అన్నీ బాగానే ఉన్నాయి, వాటి గురించి ఎక్కువ రాయను. నాకు పిచ్చిగా నచ్చింది ఫ్యాక్ట్. నంబర్ కొట్టి ఈక్వల్ నొక్కి, షిఫ్ట్ నొక్కి, తర్వాత డిగ్రీ-నిమిషాల బటన్ నొక్కితే ప్రధాన కారణాంకాలు వచ్చేస్తాయి, పది అంకెల దాకా తీసుకుంటుంది.

పాప ముందు మా ఎంవీపీ కాలనీ పిన్‌కోడ్ 530017 కొట్టింది. అదే నంబర్ మళ్ళీ కనబడింది, అంటే మాది ప్రధాన సంఖ్య! ద్వారకానగర్‌ది 530016 కొడితే 2 ఐదుసార్లు, ఒక 3, ఒక 5521. ఒక్క అంకె తేడాకి ఇంత మార్పా అని ఇద్దరం చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాం.

తర్వాత 1234567890 కొట్టింది. 2, 3 స్క్వేర్, 5, ఆ పక్కన బ్రాకెట్లో 13717421. "అమ్మా, ఇది ప్రైమా?" అంది. కాదు, ఇక్కడే చాలామంది పొరబడతారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. ఇది మూడంకెల ప్రధాన సంఖ్యల వరకే భాగించి చూస్తుంది. మిగిలింది 1018081 కన్నా చిన్నదైతే అది కచ్చితంగా ప్రధానమే, ఎందుకంటే అది ఇంకా విడిపోవాలంటే రెండు ముక్కలూ వెయ్యి దాటాలి, వెయ్యి దాటాక మొదటి ప్రధాన సంఖ్య 1009, దాన్ని దాంతోనే గుణిస్తే 1018081. అంతకన్నా పెద్దది మిగిలితే తేల్చకుండా బ్రాకెట్లో పెట్టేస్తుంది. అందుకే 2147483647 కొట్టినా బ్రాకెట్టే వస్తుంది, అది ప్రధాన సంఖ్య అని గణిత శాస్త్రవేత్త ఆయిలర్ 1772 నాటికే నిరూపించేశాడు, క్యాలిక్యులేటర్ లేకుండా, 2ని 31 సార్లు గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది అదే. కాబట్టి పిల్లలకి కొనిచ్చేవాళ్ళు బ్రాకెట్ అంటే "ప్రధానం" అని కాదు, "ఇక్కడిదాకానే చూశాను" అని అర్థం, ఇది మొదటిరోజే చెప్పండి.

మా పాప ఊరుకోలేదు. ప్రధాన సంఖ్యల పట్టిక ప్రింట్ తీయించుకుని 1009 నుంచి ఒక్కొక్కదాంతో 13717421ని భాగించుకుంటూ పోయింది, స్కూల్ నుంచి రాగానే అదే పని, మూడు సాయంత్రాలు, నేను ఇక చాల్లే నాన్నా అన్నా వినలేదు. వెయ్యి దాటాక 336వది 3607, దానికి తెగింది, భాగఫలం 3803. వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి క్యాలిక్యులేటర్ నా మొహం ముందు పెట్టింది. ఐదుకి ఐదు స్టార్లు ఇస్తున్నా.